గుట్ట ఎక్కే తొవ్వ



ఈ నెలలో నా ఫోనుకు వచ్చిన సందేశాల్లో ప్రార్థన మనవుల కంటే సైకిలు దారి గురించిన ప్రశ్నలే ఎక్కువ. పట్నంలో ఉద్యోగాలు చేసుకుంటున్న మన సంఘపు పిల్లలు నలుగురైదుగురు ఈ రెండేళ్లలో గేర్ల సైకిళ్లు కొన్నారు. శనివారం సైకిలు మీద ఊరికి వచ్చి, ఆదివారం ఆరాధనలో కూర్చోవాలని వాళ్ల ఆశ. "అయ్యగారూ, ఏ తొవ్వన వస్తే మంచిది? గుట్ట ఎక్కగలుగుతమా? లారీలు మస్తుంటయా?" అని ఒకరి తర్వాత ఒకరు అడుగుతున్నారు. ఒక్కొక్కరికి విడివిడిగా రాసే బదులు అందరికీ కలిపి ఇక్కడే రాస్తున్నాను. సైకిలు జోలికి పోని అమ్మలు, నాన్నలు కూడా చదవండి. ఇందులో మీకు సంబంధించిన మాట కూడా ఉంది.

కొత్తగా చదువుతున్న వారి కోసం ఒక మాట. హైదరాబాదుకు పడమర దిక్కున వికారాబాదు. అక్కడి నుంచి ఆరు కిలోమీటర్లు పోతే అనంతగిరి. పుస్తకాల్లో అనంతగిరి కొండలు అని ఉంటుంది గానీ మనమందరం గుట్ట అనే అంటాం. గుట్ట అవతల ధారూరు వైపు మన పల్లెలు, తండాలు.

ఈ గుట్ట నాకు సైకిలు మీదనే పరిచయం. సేవకు వచ్చిన కొత్తలో నాకున్నది గేర్లు లేని నల్ల సైకిలు. బుధవారం ఒక తండాలో ప్రార్థన, శుక్రవారం ఇంకో ఊళ్లో. వెనక క్యారియర్ మీద బైబిలు, కంజిర, టార్చిలైటు కట్టుకొని బయలుదేరేవాణ్ణి. సగం గుట్ట తొక్కడం, సగం గుట్ట నెట్టుకుంటూ నడవడం. మూడేళ్ల కింద పట్నంలో ఉండే మన తమ్ముడొకడు తాను వాడి పక్కన పెట్టిన గేర్ల సైకిలు తెచ్చి మా వాకిట్లో నిలబెట్టి పోయాడు. యాభై దాటిన వయసులో, కాలు కింద పెట్టకుండా మొదటిసారి గుట్ట ఎక్కాను. ఇంటికొచ్చి ఆ సంగతి చెబితే మీ అమ్మగారు నమ్మలేదు. ఇప్పటికీ నమ్మిందో లేదో.

ఇక దారుల సంగతి.

అందరికీ తెలిసింది చేవెళ్ల సడక్. అప్పా జంక్షన్, మొయినాబాదు, చేవెళ్ల, మన్నెగూడ. పాతవాళ్లు బీజాపూర్ రోడ్డు అంటారు, ఇప్పుడు 163వ నంబరు జాతీయ రహదారి. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్లు. మన్నెగూడలో నేరుగా పోతే పరిగి, కుడికి తిరిగితే వికారాబాదు. ఈ తొవ్వ పొడవునా రెండు వైపులా మర్రిచెట్లు, దాదాపు 900. బాటసారుల నీడ కోసం నిజాం కాలంలో నాటినవని పెద్దలు చెబుతారు. ఎండాకాలంలో ఎండలో నుంచి ఆ నీడ కిందికి సైకిలు దూరగానే ఒంటి మీద తడిబట్ట కప్పినట్టుంటుంది. కారు అద్దాలు ఎత్తుకొని పోయేవారికి ఆ సుఖం తెలియదు.

ఆ చెట్ల కోసం, ఆ రోడ్డు వెడల్పు కోసం ఏళ్ల తరబడి పేచీ నడిచింది. నాలుగు వరుసల రోడ్డు కావాలని ఒక పక్క, చెట్లు కొట్టొద్దని ఇంకో పక్క, మధ్యలో హరిత ట్రిబ్యునల్. నన్ను అడిగితే ఇద్దరి మాటా నిజమే. చెట్ల కోసం నిలబడినవాళ్లు పట్నం నుంచి వచ్చి ఒక్కో మర్రికీ లెక్క రాసుకున్నారు. వాళ్ల శ్రమ నేను చిన్నబుచ్చను. కానీ ఆ ఇరుకు రోడ్డు మీద మన పల్లెలు మోసిన పాడెల లెక్క కూడా ఉంది కదా. 2025 నవంబరు 3న, సోమవారం పొద్దున, చేవెళ్ల దగ్గర మీర్జాగూడలో కంకర టిప్పరు వచ్చి తాండూరు నుంచి పట్నం పోతున్న బస్సును గుద్దింది. 19 మంది చనిపోయారు. కంకర మీద పడి ఊపిరాడక పోయినవారున్నారు. ఆదివారం ఇంట్లో ఉండి, సోమవారం పొద్దున్నే కాలేజీకో కొలువుకో పోయే పిల్లలు ఎక్కే బస్సు అది. మన ఇళ్లలో నుంచి కూడా అదే తీరుగా పోతారు. ఆ వారమంతా నేను సైకిలు బయటికి తియ్యలేదు. తియ్యబుద్ధి కాలేదు.

కాబట్టి పిల్లలారా, చేవెళ్ల సడక్ మీద సైకిలు వద్దు. మర్రిచెట్లు చూడాలని ఉంటే బస్సులో కిటికీ పక్కన కూర్చొని చూడండి. విస్తరణ పనులన్నీ అయిపోయి, అంచున సైకిలుకు చోటు మిగిలిననాడు మళ్లీ మాట్లాడుకుందాం. ఇది నా అభిప్రాయమే, ఆజ్ఞ కాదు. అయినా వినండి.

నేను చెప్పే తొవ్వ గండిపేట మీదుగా శంకర్‌పల్లి, అక్కడి నుంచి నవాబుపేట, వికారాబాదు. ఔటర్ రింగురోడ్డు పక్కన సోలార్ పలకల కప్పు వేసిన సైకిలు బాట ఉంది కదా, 2023 అక్టోబరు 1న మొదలైంది, 23 కిలోమీటర్లు. కొత్తగా సైకిలు కొన్నవారు ముందు నెల రోజులు ఆ కప్పు కిందనే తిరగండి. అక్కడ కాళ్లు కుదురుకున్నాక శంకర్‌పల్లి వైపు రండి. లారీలు లేవని కాదు, చేవెళ్ల సడక్ అంత పోటు ఉండదు. శంకర్‌పల్లి దాటాక రోడ్డు మరీ వెడల్పుగా లేదు గానీ చేన్ల మధ్య నుంచి, ఊళ్ల మధ్య నుంచి వస్తుంది. నీళ్లు అడిగితే ఇచ్చే ఇళ్లుంటాయి.

ఇంత దూరం తొక్కలేమనుకునేవారికి రైలుంది. మన రైలుకట్ట చిన్నదేం కాదు, వాడి నుంచి సికింద్రాబాదు దాకా నిజాం హయాంలో 1874లో వేసిన లైను. బ్రేక్ వ్యానులో సైకిలును లగేజీగా బుక్ చేసుకొని వికారాబాదులో దిగండి. స్టేషను నుంచి గుట్ట మీదికి గంట పని. అడవిలో తొక్కడమే మీకు కావలసింది అయితే ఇది అన్నిటికంటే తెలివైన పని. పోయేటప్పుడు గుట్ట, కోటిపల్లి చెరువు చూసుకొని సాయంత్రం రైలెక్కవచ్చు. నాకు తెలిసిన ఒకాయన దీన్ని మోసం అంటాడు. ఆయన మోకాళ్లు ఆయనవి, మీ మోకాళ్లు మీవి.

శంకర్‌పల్లి తొవ్వను నేను మెచ్చుకోవడానికి ఇంకో కారణం ఉంది. మీరు బయలుదేరేది గండిపేట చెరువు పక్క నుంచి. చేరేది అనంతగిరికి. గండిపేటలో ఉన్న నీళ్లు ఎక్కడివి? మూసీవి. మూసీ పుట్టింది ఎక్కడ? గుట్ట మీద. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి పట్నాన్ని ముంచి, వేలమందిని పొట్టన పెట్టుకుంది. మళ్లీ అంత నష్టం జరగకూడదని ఆ తర్వాత గండిపేట కట్ట కట్టారు, 1920లో పూర్తయింది. దాని అసలు పేరు ఉస్మాన్‌సాగర్. మీ ఇళ్లకు, మీ అద్దె గదులకు ఎన్నో ఏళ్లు మంచినీళ్లు ఇచ్చిన చెరువది. అంటే ఆ రోజు మీరు సైకిలు మీద ఎదురెక్కేది మీరు తాగిన నీళ్లు వచ్చిన తొవ్వనే. పట్నంలో మూసీ వాసనకు ముక్కు మూసుకునేవారు ఒక్కసారి వచ్చి ఇక్కడ దాని పుట్టుక చూడండి. వానాకాలంలో ఆకుల కింద నుంచి చప్పుడు లేకుండా పారుతుంటుంది. దోసిట్లో పట్టేంత.

అసలు విచిత్రం గుట్ట నెత్తిన ఉంది. అక్కడ కురిసిన వాన అంతా ఒక దిక్కుకు పోదు. తూర్పు వాలున పడింది మూసీలో కలిసి గండిపేటకు, పట్నానికి, అక్కడి నుంచి నల్లగొండ వైపు పోతుంది. పడమటి వాలున పడింది కాగ్నాలో కలిసి తాండూరు మీదుగా కర్ణాటకకు పోయి భీమలో పడుతుంది. భీమ పోయి కృష్ణలో కలుస్తుంది. మూసీ కూడా చివరికి వాడపల్లి దగ్గర కృష్ణలోనే కలుస్తుంది. ఒకే మబ్బు నుంచి పక్కపక్కనే రాలిన రెండు చుక్కలు, మధ్యలో గుట్ట వెన్ను అడ్డం వచ్చి, చెరో రాష్ట్రం తిరిగి, చివరికి ఒకే నదిలో కలుసుకుంటాయి. మన ఇళ్లలో అన్నదమ్ములను చూసినప్పుడల్లా నాకు ఇది గుర్తొస్తుంది. ఒకడు పట్నం పోయాడు, ఒకడు ఇక్కడే కంది చేను చూసుకుంటున్నాడు. పండుగకు కలిస్తే మాటలు తక్కువ.

నీళ్లు అటు పారుతున్నాయంటే పల్లం అటు ఉందనే కదా అర్థం. హైదరాబాదు సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది. వికారాబాదు దానికంటే ఇంకో వంద మీటర్ల చిల్లర ఎత్తు. గుట్ట అంతకన్నా పైన. అందుకే వచ్చేటప్పుడు రోడ్డు చదునుగానే ఉన్నట్టు కనిపిస్తుంది, కాళ్లు మాత్రం బరువెక్కుతాయి. "అయ్యగారూ, నాకేమన్నా జబ్బు చేసిందా" అని ఒక తమ్ముడు నవాబుపేట నుంచి ఫోను చేశాడు. జబ్బేం లేదు నాయనా, భూమి నిన్ను నెమ్మదిగా పైకి తెస్తోంది, అంతే. ఇక గాలి సంగతి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా గాలి పడమటి నుంచి వీస్తుంది, వచ్చేటప్పుడు మీ ముఖానికి ఎదురు, పోయేటప్పుడు మీ వీపున తోడు. చలికాలంలో తూర్పు గాలి, అప్పుడు వచ్చేటప్పుడు సుఖం, అలసిపోయి తిరిగి పోయేటప్పుడు కష్టం. తిండి, నీళ్లు ఆ లెక్కన దాచుకోండి.

వికారాబాదు ఊరు దాటగానే అడవి మొదలవుతుంది. టేకు, మద్ది, మోదుగ, తునికి, సందుల్లో సీతాఫలం పొదలు. ఎర్రమట్టి. ఫిబ్రవరి, మార్చిలో ఆకులన్నీ రాలి మోదుగ పూలు మాత్రం మిగిలినప్పుడు వచ్చినవారు, ఇదేనా మేం ఆగస్టులో చూసిన అడవి అని అడుగుతారు. వానాకాలంలో ఆదివారాలు మాత్రం రావద్దు. పట్నం కార్లన్నీ గుట్ట మీదనే ఉంటాయి. గుడి దగ్గర కోతులు సంచి జిప్పు తియ్యడం కూడా నేర్చుకున్నాయి. అరటిపండు బయటికి తీశారా, అది మీది కాదు.

దామగుండం అడవిలో మట్టి బాటల మీద తిరిగేవాళ్లం అన్నా అని కొందరు అడిగారు. పూడూరు మండలంలో ఆ అడవిలో 2,900 ఎకరాలు నౌకాదళం రాడారు కేంద్రానికి ఇచ్చారు. 2024 అక్టోబరు 15న శంకుస్థాపన కూడా అయింది. ఇక ఆ బాటలు లెక్కలో పెట్టుకోకండి. సముద్రం లేని జిల్లాకు నౌకాదళం రావడం ఏమిటని మన ఊరి పెద్దమనిషి ఒకాయన ఇప్పటికీ అడుగుతుంటాడు. నీళ్ల లోపల ఉండే ఓడలకు వార్తలు పంపే కేంద్రమని చెప్పాను. "గుట్ట మీదికెల్లి సముద్రంల ఉన్నోనికి ఇనవడుతదా? మా ఇంట్ల ఫోనుకు సిగ్నల్ రాదు" అన్నాడు.

గుట్ట ఎలా ఎక్కాలో నాకు నేర్పింది సైకిళ్లవారు కాదు. మన సంఘంలో నిద్రించిన ఒక తాత. వయసులో ఉండగా ఆయనకు ఎడ్లబండి ఉండేది. ఏటా నవంబరులో ధారూరు జాతర వచ్చిందంటే, ఊళ్ల నుంచి కుటుంబాలను ఎక్కించుకొని గుట్ట దాటించి అడవిలో వాగు పక్కన దించేవాడు. మీలో చాలామంది తాతలు, అమ్మమ్మలు ఆ జాతరకు బండ్ల మీద వచ్చినవారే. కర్ణాటక నుంచి, మహారాష్ట్ర నుంచి కూడా వచ్చి చెట్ల కింద గుడారాలు వేసుకునేవారు, ఇప్పటికీ వస్తారు. ఆ తాత చెప్పేవాడు: "ఎడ్లు ఆగినంక ఆపుడు కాదు బిడ్డా, ఎడ్లు ఆగకముందే మనం ఆపాలె. చక్రం కింద రాయి పెట్టాలె. వాటికి ఊపిరి రానియ్యాలె. ఎడ్లు తమంతట తాము ఆగినయంటే ఇగ ఆ దినం కదలయి."

గేర్ల సైకిలుకు కూడా ఇదే శాస్త్రం. ఎత్తు కనిపించగానే, ఎక్కడం మొదలవకముందే చిన్న గేరుకు రండి. ముందు చిన్న చక్రం, వెనక పెద్ద చక్రం. ఎత్తులో బలంగా తొక్కుతూ గేరు మారిస్తే చైను కటకటలాడుతుంది, ఒక్కోసారి జారిపోతుంది. చిన్న గేరులో కాళ్లు గిరగిరా తిరుగుతాయి, బండి మాత్రం నడిచే మనిషి కంటే కొంచెమే ముందు పోతుంది. పక్క నుంచి వయసు పిల్లలు దూసుకుపోతారు. పోనియ్యండి. రెండో మలుపు దగ్గర వాళ్లు హ్యాండిలు మీద తలవాల్చి కనిపిస్తారు. మాట్లాడుతూ తొక్కగలిగినంత వేగమే మీ వేగం. నోట మాట రావడం లేదంటే తగ్గించండి. నేను ఒక పాట పల్లవి అందుకుంటాను. పల్లవి మధ్యలో ఊపిరి తెగితే గేరు తగ్గిస్తాను.

ఆరాధనకు పోయే తొవ్వ ఎక్కుడుగా ఉండడం మనకు కొత్త కాదు. యెరికో సముద్రమట్టానికి దాదాపు 250 మీటర్లు కింద ఉంది, యెరూషలేము 750 మీటర్లు పైన. మధ్య దూరం పాతిక కిలోమీటర్ల చిల్లర. పండుగకు పోయే పల్లెవాళ్లు ఆ వెయ్యి మీటర్ల ఎత్తు పిల్లలతో, ముసలివారితో కాలినడకన ఎక్కారు. 120 నుంచి 134 దాకా పదిహేను యాత్రకీర్తనలు అలాంటి ప్రయాణీకుల నోళ్లలో నిలిచినవే. మన గుట్ట అందులో ఒక మెట్టు కూడా కాదు. అందుకే గుట్ట ఎక్కామని మరీ గొప్పలు చెప్పుకోకండి.

పైన ఉన్న క్షయ ఆసుపత్రి ముందు నేను ఎప్పుడూ దిగి కాసేపు నిలబడతాను. నిజాం కాలం నాటిది. క్షయకు సరైన మందు లేని రోజుల్లో వైద్యమంటే మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతి. అడవి గాలి కోసం పట్నం నుంచి రోగులను ఇక్కడికి పంపేవారు. ఒక్కో ఊపిరి ఎంత విలువైనదో లెక్కపెట్టుకుంటూ ఆ వరండాల్లో పడుకున్నారు. ఇప్పుడు అదే గాలి కోసం పట్నం పిల్లలు వేలు పోసి సైకిళ్లు కొనుక్కొని వస్తున్నారు. ఎగతాళి కాదు. గాలి కోసం రావడం మంచిదే, అప్పుడూ ఇప్పుడూ.

దిగడం ఎక్కడం కంటే కష్టమని గుర్తుంచుకోండి. ఎక్కేటప్పుడు మీ కాళ్లే మిమ్మల్ని ఆపుతాయి, దిగేటప్పుడు ఆపేవారుండరు. తాండూరు నుంచి నాపరాళ్ల లారీలు, సిమెంటు లారీలు ఎదురొస్తాయి. మలుపుకు ముందే రెండు బ్రేకులూ కలిపి వేగం తగ్గించండి, మలుపులోకి పోయాక ముందు బ్రేకు గట్టిగా పట్టొద్దు. తొలకరి వానలకు రోడ్డు మీద ఎర్రమట్టి, ఆకులు సబ్బులాగా ఉంటాయి. అంచున తుమ్మముళ్లుంటాయి, పంచరు సామాను లేకుండా రావద్దు. దిగాక కోటిపల్లి చెరువు వైపు పోయే రోడ్డు నాకు అన్నిటికంటే ఇష్టం. రెండు పక్కలా అడవి, బండ్లు తక్కువ, పొద్దున్నే పోతే నెమళ్లు.

ఇప్పుడు అసలు మాటకు వస్తాను.

మన సంఘంలో ఒక తల్లి ఉంది. పేరు రాయను. ఆమె భర్త వికారాబాదు అంగడి నుంచి పొద్దుగూకినంక సైకిలు మీద వస్తుంటే వెనక నుంచి ఏదో బండి గుద్ది పోయింది. ఏ బండో ఇప్పటికీ తెలియదు. పద్నాలుగేళ్లయింది. అప్పుడు పదేళ్ల పిల్లవాడు ఇప్పుడు పట్నంలో ఉద్యోగం చేస్తున్నాడు. జీతం దాచుకొని సైకిలు కొన్నాడు, తల్లికి చెప్పలేదు. సంఘం గ్రూపులో ఎవరో పెట్టిన ఫొటోలో ఆమె చూసింది. అదే రోజు సాయంత్రం మా ఇంటికి వచ్చి గడప మీద కూర్చుంది.

"అయ్యగారూ, మీరు చెప్తె ఇంటడు. సైకిలు అమ్మెయ్యమని చెప్పుర్రి. ఆయనను సైకిలే తీసుకపోయింది. ఈడు గూడ అదే ఎక్కుతనంటె నేనేం గావాలె?"

ఆ రాత్రి పిల్లవాడితో మాట్లాడాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత అన్నాడు: "అయ్యగారూ, నాన్నను తీసుకపోయింది సైకిలు కాదు. చీకట్ల వెనక లైటు లేకపోవుడు. నాకు సైకిలు నేర్పింది నాన్ననే. ఆయన నేర్పిన దాంట్ల నాకాడ మిగిలింది అదొక్కటే."

ఇద్దరికీ చెప్పవలసినవాణ్ణి నేనే. ఎవరి మాట తీసేయాలి? ఆమెకు ధైర్యం చెప్పడానికి నా దగ్గర మాటలున్నాయి, ఏళ్ల తరబడి చెప్పినవే. కానీ ఇది భయం మాత్రమే కాదు, జరిగిన సంగతి. జరిగినదాన్ని జరగనట్టు చెప్పలేం. అలాగని తండ్రి చెయ్యి పట్టుకొని నేర్చుకున్నదాన్ని అమ్ముకోమని కొడుకుకు ఎలా చెప్పను?

రెండు వారాల తర్వాత ఒక శనివారం. పిల్లలు ముగ్గురు రైల్లో వికారాబాదు వచ్చి, అక్కడి నుంచి సైకిళ్ల మీద గుట్ట ఎక్కుతామన్నారు. నేను ఆ తల్లిని ఆటోలో గుట్ట మీదికి తీసుకపోయాను. చాయ్ బండి దగ్గర కూర్చున్నాం. చలికాలం, మంచు ఇంకా విడలేదు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకొని కింది మలుపు వైపే చూస్తోంది. చెట్ల మధ్య ముందు తెల్లగా ఒక వెలుగు మినుకు మినుకుమంది. తర్వాత ఇంకోటి, ఇంకోటి. మనుషులు కనిపించడం లేదు, సైకిళ్లు కనిపించడం లేదు, వెలుగులు మాత్రం వస్తున్నాయి. వెనకనే ఒక లారీ కూడా వచ్చింది. ఆ ఎర్ర లైట్లను దూరం నుంచే చూసినట్టుంది, వేగం తగ్గించి, ఎడంగా తప్పుకొని పైకి వచ్చింది.

"గంత దూరంకెల్లి కనబడుతదా?" అని అడిగింది.

కనబడుతుందమ్మా అన్నాను.

కొడుకు వచ్చి సైకిలు గోడకు ఆనించాడు. ఆమె అతన్ని ముట్టుకోలేదు. సైకిలు వెనక్కి పోయి, ఆ చిన్న ఎర్ర లైటు మీద వేలు పెట్టి చూసింది. "ఇది ఎంత?" అంది. మూడు నాలుగు వందలమ్మా అన్నాడు. "గంతేనా" అంది. ఆ తర్వాత చాయ్ తాగేదాకా ఆమె మాట్లాడలేదు. ఆమె కళ్ల వైపు చూసే ధైర్యం మాకెవరికీ లేకపోయింది.

ఇప్పటికీ కొడుకు సైకిలు ఎక్కడం ఆమెకు ఇష్టం లేదు. అమ్మేయమని మాత్రం మళ్లీ అనలేదు. మూడు షరతులు పెట్టింది: చేవెళ్ల సడక్ వద్దు, పొద్దుగూకినంక వద్దు, శంకర్‌పల్లిలో ఒకసారి, వికారాబాదులో ఒకసారి ఫోను చెయ్యాలి. వాడు ఒప్పుకున్నాడు. మొన్న పట్నంలో 200 కిలోమీటర్ల బీఆర్‌ఎం సవారీ పూర్తి చేశాడట, పదమూడున్నర గంటల గడువులోపల. అందులో మొదటి బహుమతి, రెండో బహుమతి ఉండవు. గడువులోపల వచ్చిన వారందరూ ఒకటే. ఆ పద్ధతి నాకు బాగా నచ్చింది. దారి పొడవునా తల్లికి ఎన్నిసార్లు ఫోను చేశాడో లెక్క వాడే చెప్పాలి.

ఆ శనివారం నుంచి నా మనసులో తిరుగుతున్నది ఒకటే. పట్నం నుంచి సరదాకు వచ్చే పిల్లల సైకిళ్లకు ముందొక లైటు, వెనకొక లైటు, నెత్తి మీద హెల్మెట్టు ఉన్నాయి. రోజూ పొద్దున నాలుగింటికి పాల క్యాను కట్టుకొని పోయే మనవాడి సైకిలుకు ఏమీ లేదు. హైస్కూలు నుంచి చలికాలంలో మసక చీకట్లో వచ్చే ఆడపిల్లల సైకిళ్లకు ఏమీ లేదు. రోడ్డు ఒకటే, లారీలు అవే. ఈ మాట గ్రూపులో రాస్తే పట్నం పిల్లలు తలా కొంత వేసుకొని 30 ఎర్ర లైట్లు పంపించారు. మొదటి లైటు ఆ తల్లి చేతనే బిగింపించాం, పాలు పోసే అతని సైకిలుకు. స్క్రూ ఎటు తిప్పాలో కూడా ఎవరినీ అడగలేదు ఆమె.

26 బిగించాం. ఇంకా నాలుగు నా దగ్గర ఉన్నాయి. తండా వైపు నుంచి రాత్రి షిఫ్టుకు పోయేవారు ఇద్దరున్నారని విన్నాను, వారిని ఎరిగినవారు చెప్పండి. పట్నం పిల్లలూ, వచ్చే శనివారం మీరు గండిపేట దగ్గర బయలుదేరేది ఎన్ని గంటలకో నాకు శుక్రవారమే రాయండి. జొన్న రొట్టెలు ఎందరికి చెయ్యాలో మీ అమ్మగారు అడుగుతోంది. బ్యాటరీలు కూడా తీసుకురండి, సన్న రకం, ఇక్కడ దొరకడం లేదు.